స్లాబు మారలేదు, బిల్లు మారింది: డెల్టా ఇళ్ల కరెంటు లెక్క

గోదావరి డెల్టాలో, అమలాపురంలోనో భీమవరంలోనో ఓ మామూలు డాబా ఇల్లు అనుకుందాం. ఫిబ్రవరిలో 140 యూనిట్లు కాలాయి, మే నెలలో 280. వాడకం సరిగ్గా రెట్టింపు. యూనిట్ల ఖరీదు మాత్రం 507 రూపాయల నుంచి 1,498 రూపాయలకు చేరింది, అంటే దాదాపు మూడు రెట్లు. పైగా వానలు పడి ఏసీ ఆపేసిన జులైలో కూడా బిల్లు అనుకున్నంత తగ్గదు. "మళ్లీ రేట్లు పెంచేశారు" అని ఆ ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. కానీ ఆంధ్రప్రదేశ్‌లో గృహ విద్యుత్ స్లాబు ధరలు 2022 ఏప్రిల్ 1న మారాక 2025-26 దాకా అలాగే ఉన్నాయి. ధర కదలకుండా బిల్లు కదిలే దారులు నాలుగైదు ఉన్నాయి. ఏ దారిలో ఎంత వచ్చిందో విడదీసి చూస్తేనే, ఎక్కడ అడగాలో, ఇంట్లో ఏది సరిచేసుకోవాలో తెలుస్తుంది.

ముందుగా ధరల పట్టిక. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90. 31 నుంచి 75 వరకు రూ.3. 76 నుంచి 125 వరకు రూ.4.50. 126 నుంచి 225 వరకు రూ.6. 226 నుంచి 400 వరకు రూ.8.75. ఆ పైన రూ.9.75. 2022 మార్చి 30న ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి ప్రకటించిన ఈ మార్పులో మొదటి మెట్టుకు 45 పైసలు, రెండో దానికి 91 పైసలు, మూడో దానికి రూ.1.40, నాలుగో దానికి రూ.1.57, అయిదో దానికి రూ.1.16, చివరిదానికి 55 పైసలు పెరిగాయి. ఎక్కువ భారం పడింది 76 నుంచి 225 మధ్య. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు ఉన్న సగటు డెల్టా ఇల్లు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. 2022 నాటి దెబ్బ ఇంకా గుర్తుండిపోవడానికి కారణం అదే.

కాగితం మీద లెక్క కట్టుకోవడానికి నాలుగు అంకెలు గుర్తుంటే చాలు. 75 యూనిట్ల దగ్గర మొత్తం 192 రూపాయలు. 125 దగ్గర 417. 225 దగ్గర 1,017. 400 దగ్గర రూ.2,548.25. ఇప్పుడు 280 యూనిట్లు చూడండి: 225 దాకా 1,017, మిగతా 55 యూనిట్లకు 8.75 చొప్పున 481.25. కలిపితే 1,498.25. 140 యూనిట్లకైతే 417కు 15 ఆరుల 90 కలిపితే 507. ఇది ఎవరైనా అర నిమిషంలో వేసుకోగల లెక్క. బిల్లులో 'ఎనర్జీ చార్జీలు' వరుసతో ఇది పైసలతో సహా సరిపోవాలి. సరిపోతే తేడా ఇంకెక్కడో ఉందన్నమాట.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. "ఒక్క యూనిట్ దాటితే బిల్లు మొత్తం పై స్లాబులో పడిపోతుంది" అని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. 2022కు ముందు అందులో నిజం ఉంది. అప్పట్లో వినియోగదారులను ఏ, బీ, సీ గ్రూపులుగా విడగొట్టేవారు. 75 దాటితే ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు, 225 దాటితే మరో గ్రూపుకు మారేవారు. గ్రూపు మారితే మొదటి యూనిట్ నుంచీ ధర మారేది. ఇప్పుడు అందరికీ ఒకటే మెట్ల వరుస. 226వ యూనిట్‌కు మాత్రమే 8.75 పడుతుంది, కింది 225 యూనిట్ల ధర కదలదు. ఒక్క చోట మాత్రం గట్టు ఇంకా ఉంది: నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం పొందే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆ హద్దు దాటిన నెలలో రాయితీ పోతుంది. ఆ ఇళ్లలో 195కూ 205కూ మధ్య తేడా పది యూనిట్ల ధర కాదు, నెల బిల్లంతా. వేసవిలో ఆ ఇళ్లవాళ్లు 20వ తేదీ ప్రాంతంలో ఒకసారి మీటరు చూసుకోవడం ఎంతైనా అవసరం.

ఎనర్జీ చార్జీల కింద చిన్న చిన్న వరుసలు ఉంటాయి. మంజూరైన లోడు మీద కిలోవాట్‌కు నెలకు 10 రూపాయల స్థిర చార్జీ. 3 కిలోవాట్లయితే 30. యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం. 280 యూనిట్లకు రూ.16.80. వాడకాన్ని బట్టి మారే చిన్న కస్టమర్ చార్జీ. ఇవి బిల్లును పెద్దగా ఊపవు. ఊపేది సర్దుబాటు వరుస.

పాత నెలల బాకీ ఇప్పుడెందుకు?

పంపిణీ సంస్థ ఏటా నవంబరు ఆఖరికి వచ్చే ఏడాది ఖర్చుల అంచనా నియంత్రణ మండలికి ఇస్తుంది. ఎంత కరెంటు కొనాలి, ఏ ధరకు దొరుకుతుంది, తీగల్లో ఎంత పోతుంది అన్నవన్నీ అంచనాలే. మార్చి ఆఖరుకల్లా మండలి ధరలు ఖరారు చేస్తుంది, ఏప్రిల్ 1 నుంచి అమలు. ఏడాది గడిచాక అసలు ఖర్చు అంచనాను మించితే ఆ తేడాను పంపిణీ సంస్థ అడుగుతుంది. మండలి పరిశీలించి కొంత కోసేసి, మిగతాది వసూలుకు అనుమతిస్తుంది. దీన్నే ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు అంటారు. బిల్లులో 'ఎఫ్‌పీపీసీఏ' అని ఉండేది ఇదే. జనం నోట 'ట్రూఅప్' అయింది.

ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది నెలవారీ సర్దుబాటు. కేంద్ర నిబంధనల్లో మార్పు వచ్చాక, 2023 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో యూనిట్‌కు గరిష్ఠంగా 40 పైసల దాకా ఏ నెల తేడాను ఆ నెలకే లెక్కగట్టి, రెండు నెలల తర్వాతి బిల్లులో వేస్తున్నారు. మే నెల తేడా జులై బిల్లులో పడుతుంది, అదీ మేలో కాలిన యూనిట్ల మీద. పై ఇంట్లో మేలో 280 యూనిట్లు కాలాయి కాబట్టి, 40 పైసల చొప్పున 112 రూపాయలు జులైలో వస్తాయి. జులైలో ఏసీ ముట్టుకోకపోయినా తప్పదు. చల్లబడ్డాక కూడా బిల్లు బరువు తగ్గకపోవడానికి ఇదొక కారణం.

రెండోది ఏడాది మొత్తం తేల్చే సర్దుబాటు. 2022-23 ఏడాదికి రూ.6,072.86 కోట్లు వసూలు చేసుకోవడానికి మండలి 2024 చివర్లో అనుమతించింది. 2024 డిసెంబరు బిల్లుల నుంచి 15 నెలల వాయిదాలు. ఆ వెంటనే 2023-24 ఏడాదికి మరో రూ.9,412.50 కోట్లకు అనుమతి వచ్చింది, దాన్ని రెండేళ్ల వాయిదాల్లో పెట్టారు. అందుకే 2025లో బిల్లు తీసి చూస్తే ఒకే కాగితం మీద రెండు మూడు సర్దుబాటు వరుసలు, ఒక్కో దాని పక్కన ఒక్కో పాత నెల కనిపించాయి. ఆ పాత నెలలో ఆ సర్వీసు మీద ఎన్ని యూనిట్లు కాలాయో వాటి మీదే ఈ వడ్డన.

అద్దె ఇళ్లలో నలిగిపోయేది ఈ చోటే. సర్దుబాటు మనిషిని వెంటాడదు, సర్వీసు నంబరును వెంటాడుతుంది. 2022లో ఆ వాటాలో రెండు ఏసీలు వాడిన కుటుంబం ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయింది. వాళ్ల యూనిట్ల బాకీ 2025లో ఫ్యాన్‌తో సరిపెట్టుకుంటున్న కొత్త కుటుంబం కట్టింది. కొత్త కనెక్షన్ తీసుకున్న పక్కింటికి ఆ వరుసే ఉండదు. ఇది ముమ్మాటికీ అన్యాయమే, పద్ధతిలోనే ఉన్న అన్యాయం. అద్దెకు దిగేముందు ఇంటి యజమాని దగ్గర గత రెండు మూడేళ్ల యూనిట్లు అడిగి తెలుసుకోవాలి. పాత నెలల సర్దుబాటు ఎవరు భరించాలో అద్దె కాగితంలో ఒక్క వాక్యం రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు.

సర్దుబాటు ఎప్పుడూ పైకే పోవాలని లేదు. అంచనాకన్నా తక్కువ ఖర్చయితే తిరిగి ఇవ్వాలి. 2024-25 లెక్క అలాగే తేలింది: రూ.923.55 కోట్లు తిరిగి ఇవ్వాలని మండలి చెప్పింది. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల తగ్గింపు మొదలైంది. దీన్ని 'ట్రూడౌన్' అన్నారు. 40 పైసల వరుసలో తేడా కనిపిస్తే కారణం ఇది.

కాళ్ల కింద గ్యాసు, కొనేది బొగ్గు కరెంటు

పంపిణీ సంస్థ ఖర్చులో సింహభాగం కరెంటు కొనడానికే పోతుంది. అందువల్ల కొనుగోలు ఎందుకు ప్రియమైందన్న ప్రశ్నే అసలు ప్రశ్న. గోదావరి జిల్లాలవాళ్లకు ఇది మనసుకు తగిలే విషయం కూడా. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, రావులపాలెం దగ్గరి దేవరపల్లి: డెల్టా చుట్టూ గ్యాసు విద్యుత్ కేంద్రాలు వరుసగా కట్టారు. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు వస్తుందన్న నమ్మకమే వాటికి పునాది. 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 నుంచి గ్యాసు మొదలైంది, 2010 తర్వాత పడిపోతూ వచ్చింది, 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు పూర్తిగా ఆగిపోయింది. దొరికే కొద్ది గ్యాసు ఎరువుల కర్మాగారాలకు, ఇళ్లకు, వాహనాలకు ముందు వెళ్తుంది. సామర్లకోటలో 2,400 మెగావాట్లకు కట్టిన కేంద్రం గ్యాసు లేక ఖాళీగా ఉండిపోయింది. ఓడల్లో తెచ్చే ద్రవ గ్యాసుతో నడిపితే వచ్చే కరెంటు ధర సామాన్యుడి అందుబాటులో ఉండదు.

గ్యాసు కేంద్రానికి ఇంకో గుణం ఉంది. సాయంత్రం ఆరు దాటాక డిమాండ్ ఒక్కసారిగా లేచినప్పుడు తొందరగా పెంచి, తొందరగా తగ్గించవచ్చు. బొగ్గు కేంద్రం అంత చురుగ్గా కదలదు. సౌర విద్యుత్ పగలు చౌకగా బోలెడంత దొరుకుతుంది, అస్తమించాక సున్నా. ఆ సమయానికే ఇళ్లలో ఏసీలు వేస్తారు, ఆకివీడు, ఉండి, భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు తిరుగుతాయి. రాత్రి నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి కాబట్టి రైతు వాటిని ఆపలేడు. ఆ సాయంత్రపు లోటును విద్యుత్ ఎక్స్ఛేంజీలో, అంటే కరెంటు కొని అమ్మే బజారులో, కొని పూడ్చాలి. 2022 మార్చిలో ఎక్స్ఛేంజీ ధర యూనిట్‌కు 20 రూపాయలు తాకింది. అప్పుడు కేంద్ర నియంత్రణ సంస్థ 12 రూపాయల పరిమితి పెట్టింది, 2023 ఏప్రిల్ నుంచి దాన్ని 10 చేసింది. 10 రూపాయలకు కొన్న యూనిట్ మనింటికి 6 రూపాయలకు వస్తే, మిగిలిన 4 ఎక్కడికీ పోదు. కొంత ప్రభుత్వ రాయితీ, కొంత పరిశ్రమలు, దుకాణాల ఎక్కువ ధర, మిగతాది రెండేళ్ల తర్వాత సర్దుబాటు వరుస. అదే 2022లో విదేశీ బొగ్గు ధర మండిపోవడం, దాన్ని కలిపి మండించాల్సి రావడం కూడా ఆ ఏడాది లెక్కలోకే చేరాయి.

చౌకైన కరెంటు సీలేరుది. దిగువ సీలేరులో 460 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ విడిచిన నీరు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో చేరి, ధవళేశ్వరం బ్యారేజీకి వస్తుంది. దాళ్వాలో (రబీ వరి కాలంలో) గోదావరి సన్నబడితే డెల్టా పంట బతికేది ఆ నీటితోనే. అంటే జనవరి నుంచి మార్చి దాకా సీలేరు యంత్రాలు తిరిగేది చాలావరకు పొలం అవసరాన్ని బట్టి. అలా దిగిన నీరు మే నెల సాయంత్రాలకు మిగలదు. పంట కోసం అది సరైన నిర్ణయమే. కాకపోతే దాని ఖరీదు వేసవి కొనుగోళ్లలో తేలుతుంది. పోలవరంలో 80 మెగావాట్ల చొప్పున 12 యంత్రాలతో కడుతున్న 960 మెగావాట్ల కేంద్రం పూర్తయితే ఈ లెక్క కొంత మారుతుంది.

తుపాన్ల ఖర్చు కూడా ఇందులోనే. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటివి వేల స్తంభాలను పడగొడతాయి. కొత్త స్తంభం, కొత్త తీగ, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ చివరికి టారిఫ్ లెక్కలో చేరేవే.

ఉక్కపోతకు ధర ఎంత?

ఇక ఇంటి లోపలికి. డెల్టా ఎండకు రాయలసీమ ఎండకు తేడా తేమ. ఏసీ గది గాలిని చల్లబరచడమే కాదు, గాలిలోని ఆవిరిని నీళ్లు చేసి బయటికి పంపాలి. ఆ పనికి ఎంత కరెంటు పడుతుందో కొలవడం సులువు. ఏసీ డ్రెయిన్ పైపు కింద రాత్రి ఒక బకెట్ పెట్టండి. లీటరు ఆవిరిని నీరుగా మార్చడానికి దాదాపు 0.67 యూనిట్ల వేడిని లాగాలి. మామూలు ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని లాగుతుందనుకుంటే, లీటరుకు సుమారు 0.22 యూనిట్. పొద్దున్నకు బకెట్‌లో 12 లీటర్లుంటే, రెండున్నర యూనిట్లకు పైగా తేమ పిండడానికే పోయాయి. 8.75 మెట్టులో ఉన్న ఇంటికి రాత్రికి 23 రూపాయలు, నెలకు దాదాపు 700.

మొదటి గంటలో ఎక్కువ నీరు రావడం మామూలే. తెల్లవారుజామున కూడా అదే వేగంతో కారుతుంటే బయటి గాలి ఎక్కడి నుంచో వస్తోందని అర్థం. తలుపు కింద సందు, కిటికీ పైన పాతకాలం వెంటిలేటరు, బాత్రూం తలుపు, పైపు కోసం గోడకు పెట్టిన రంధ్రం: చూడాల్సినవి ఇవే. వెంటిలేటర్‌కు అట్ట కట్టి, తలుపు కింద గుడ్డ చుట్ట పెట్టి మర్నాడు మళ్లీ బకెట్ చూస్తే తేడా కళ్లకే తెలుస్తుంది. ఏసీ గదిలో తడిబట్టలు ఆరేయడం, పడుకునే ముందు తడిగుడ్డ పెట్టడం అంటే ఆ నీళ్లన్నీ మళ్లీ డబ్బు పెట్టి బయటికి పంపడమే.

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే వాడకం సుమారు 6 శాతం తగ్గుతుంది. 26 దగ్గర పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పడం మన ఉక్కకు సరిపోయే పద్ధతి. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగాలి. అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వైపు సముద్రపు గాలికి బయటి యూనిట్ రెక్కలు ఉప్పు పట్టి పాడవుతాయి. వేడి బయటికి పోక కంప్రెసర్ ఎక్కువ సేపు తిరుగుతుంది. ఏసీ ఆపి, కరెంటు తీసేసి, మంచినీళ్లతో మెల్లగా కడిగితే చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగకూడదు.

ఫ్యాన్ల సంగతి అంతకన్నా తేలిక. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ 28 నుంచి 35. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకు 20 యూనిట్ల దాకా మిగులుతాయి. ఆరు రూపాయల మెట్టులో అది 120 రూపాయలు. ఏడాదిలో పది నెలలు ఫ్యాన్ లేకుండా గడవని ప్రాంతం కాబట్టి, పెట్టిన డబ్బు రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది. పడకగది, హాలు ఫ్యాన్లు ముందు మార్చాలి. అతిథి గదిది మార్చి లాభం లేదు. టీవీ పక్కన ఎప్పుడూ వెలిగే సెట్‌టాప్ బాక్సు 12 వాట్లు లాగినా నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు అవుతాయి, స్విచ్ ఆపితే చాలు.

మీటరు దగ్గర పది నిమిషాలు

వాడకం పెరగలేదు, యూనిట్లు మాత్రం పెరిగాయి అనిపిస్తే మీటరు ముందు నిలబడాలి. మీటరు మీద ఎర్రగా మిణికే చిన్న దీపం, దాని పక్కన యూనిట్‌కు 3200 లాంటి అంకె ఉంటాయి. ఇంట్లో అన్నీ ఆపి, ఒక్క పాత సీలింగ్ ఫ్యాన్ మాత్రం పూర్తి వేగంలో తిప్పండి. పది నిమిషాల్లో అది కాల్చేది 0.0125 యూనిట్. 3200 మీటర్లో దీపం సుమారు 40 సార్లు మిణకాలి. 35 అయినా 45 అయినా ఫరవాలేదు, ఫ్యాన్ వాట్లు అటూ ఇటూ ఉంటాయి. 80 వస్తే మాత్రం ఇంకేదో కాలుతోంది, లేదా మీటరులో తేడా ఉంది.

తర్వాత మెయిన్ కూడా ఆపండి. దీపం ఇంకా మిణుకుతుంటే రెండు అనుమానాలు: మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో తీగ తగిలించారు, లేదా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఇంకో వాటాతో కలిసిపోయింది. కింద వాటాకు ఒకటి, పై వాటాకు ఒకటి మీటర్లున్న ఇళ్లలో రెండోది తరచుగా కనిపిస్తుంది. పైన కొత్త వాటా వేసినప్పుడు వైరింగ్ చేసినవాళ్లు ఫేజు విడిగా లాగి, న్యూట్రల్‌ను కింది వైరుకే కలిపేస్తారు. ఇప్పటి మీటర్లు ఫేజులో వెళ్లే కరెంటును, న్యూట్రల్‌లో వచ్చే కరెంటును రెండింటినీ చూసి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్కిస్తాయి. దొంగతనం అరికట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. న్యూట్రల్ కలిస్తే పైవాళ్ల ఏసీ కరెంటు కింది మీటరు గుండా తిరిగొస్తుంది. కిందివాళ్ల బిల్లులో అది చేరుతుంది, పైవాళ్ల బిల్లులోనూ ఉంటుంది. పరీక్ష ఇలా: కింద మెయిన్ ఆపి, పైన ఏసీ వేయించి, కింది మీటరు చూడాలి. మిణుకుతుంటే తేలిపోయినట్టే. మెయిన్ రెండు తీగల్నీ తెంపే డబుల్ పోల్ రకమైతే మిణకదు, పైవాళ్ల ఇంట్లో కరెంటు పోతుంది, అదీ రుజువే. బాగుచేయడం ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. మీటరు సీలు మాత్రం ఎవరూ తాకకూడదు, అది సంస్థ మనుషుల ముందే తీయాలి.

మీటరు మీద ఎర్త్ గుర్తుతో ఇంకో దీపం ఉంటుంది. అది మోటారు వేసినప్పుడు మాత్రమే వెలిగితే మోటారు వైండింగ్ లేదా కేబుల్ తడి నేలలోకి కరెంటు వదులుతోంది. మీటరు దాన్నీ లెక్కిస్తుంది. బిల్లు కన్నా పెద్ద ప్రమాదం షాక్. అలాంటి మోటారును వెంటనే ఆపించి, కరెంటు నేలలోకి కారితే వెంటనే తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించాలి. మోటారు ఆరోగ్యానికి గడియారమే సరైన కొలత. నీళ్లు పైనే ఉండే మన నేలలో ఒక హెచ్‌పీ మోటారు వెయ్యి లీటర్ల ట్యాంకును అరగంటలోపే నింపాలి. నెల నెలా ఆ సమయం పెరుగుతుంటే ఫుట్‌వాల్వు కారుతోందో, ఇంపెల్లర్ అరిగిందో, కెపాసిటరు బలహీనపడిందో చూడాలి. సాయంత్రం ఓల్టేజీ పడిపోయే లైను చివరి ఊళ్లలో మోటారు మధ్యాహ్నం వేసుకోవడం మంచిది. తక్కువ ఓల్టేజీలో ఎక్కువ కరెంటు లాగి కాయిల్ వేడెక్కుతుంది.

రీడింగు తేదీలు కూడా చూడాలి. రోజుకు ఏడున్నర యూనిట్లు వాడే ఇంటికి 30 రోజులకు 225 యూనిట్లు, 1,017 రూపాయలు. రెండు నెలలకు 2,034. అదే ఒకసారి 36 రోజులకు, తర్వాత 24 రోజులకు రీడింగు తీస్తే 270, 180 యూనిట్లు వస్తాయి. రోజులను బట్టి స్లాబులు సర్దకపోతే ఆ రెండు బిల్లులు కలిపి రూ.2,157.75 అవుతాయి. రూ.123.75 వాడకుండానే పడింది. తలుపు తాళం అని రాసి సగటు వేసి, మూడో నెలలో అసలు రీడింగు వేసినప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. ఆ యూనిట్లను నెలలవారీగా విడగొట్టి స్లాబు వేయమని సెక్షన్ కార్యాలయంలో అసిస్టెంట్ ఇంజినీరు(ఏఈ)కి గానీ, బిల్లింగ్ చూసే ఈఆర్వోలో గానీ రాతపూర్వకంగా అడగాలి. మీటరు ఫొటో, రెండు బిల్లుల నకళ్లు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. 1912కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు. అక్కడ తేలకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండింటికీ వకీలు అక్కర్లేదు.

డాబా మీద సోలారు అందరికీ లాభమా?

పై మెట్టు యూనిట్లున్న ఇంటికి లాభం. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయనుకుంటే రెండు కిలోవాట్లకు నెలకు 240. నెలకు 300 యూనిట్ల ఇల్లు 60కి దిగుతుంది. ఎనర్జీ చార్జీ రూ.1,673.25 నుంచి 147కు వస్తుంది. 120 యూనిట్ల ఇంటికి ఒక కిలోవాట్ పెడితే మిగిలేది రూ.394.50 మాత్రమే. అక్కడ ముందు ఫ్యాన్లు మార్చుకోవడమే మేలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కేంద్రం కిలోవాట్‌కు 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడూ ఆపైన అయితే మొత్తం 78 వేలు రాయితీ ఇస్తుంది.

కోనసీమలో చూసుకోవాల్సింది కొబ్బరి నీడ. పలకలు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక మట్ట నీడ ఒక పలక మీద పడినా వరుసంతా పడిపోవచ్చు. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడ పడుతుందో డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి చూసుకున్నాకే చోటు ఖాయం చేయాలి. తీరానికి దగ్గరైతే వేడి జింకులో ముంచిన ఇనుప చట్రం, స్టెయిన్‌లెస్ బోల్టులు అని కొటేషన్‌లో రాయించుకోవాలి. మామూలు బోల్టులు ఉప్పుగాలికి తుప్పుపట్టి, తుపాను నాడు పలకల్ని పట్టి ఉంచలేవు.

ధర నిర్ణయమయ్యే చోట కూడా ఇంటివాళ్ల మాటకు చోటుంది. నవంబరు ఆఖర్లో పంపిణీ సంస్థలు వేసే అంచనాలు బహిరంగమే. వాటి మీద అభ్యంతరాలు రాసి పంపవచ్చు, ధరలు ఖరారయ్యే ముందు జరిగే విచారణలో మాట్లాడవచ్చు. స్లాబు ధర పెంచమని అడిగారా లేదా అన్నది అందరూ చూస్తారు. చూడాల్సిన అంకె ఇంకొకటి: వచ్చే వేసవిలో ఎక్స్ఛేంజీలో ఎన్ని యూనిట్లు, ఏ ధరకు కొంటామని రాశారు, నిరుడు అదే అంకె ఎంత రాసి చివరికి ఎంతకు కొన్నారు. కొనుగోలు ఖర్చును తక్కువగా చూపిన ఏడాది ఏప్రిల్‌లో ధరలు పెరగవు, పేపర్లలో అదే వస్తుంది. ఆ తేడా రెండేళ్ల తర్వాత, ఒక పాత నెల పేరు పక్కన, ఆ సర్వీసు నంబరు మీద ఉన్నవాళ్ల బిల్లులో వచ్చి కూర్చుంటుంది.